బార్సిలోనాలో పోయిన వాచీ, పాలకొల్లులో దొరికిన నంబరు

మా ఆయన చొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాజోలు ఎండలో పుట్టి, కువైట్ ఎండలో పాతికేళ్ల పైన కారు నడిపిన మనిషి. జూన్ నెల, స్పెయిన్‌లోని బార్సిలోనా, గాలాడని సాయంత్రం. "ఏసీ చలిగా ఉందే" అన్నారు. వయసు మీద పడుతోంది కదా అని ఊరుకున్నాను. ఇది 2023 నాటి మాట.

అసలు సంగతి మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి బయటపడింది. ఇంటి దగ్గర ఆ రోజు కొబ్బరి దింపు. మేం జర్మనీలో, మ్యూనిక్‌లో ఉండే అమ్మాయి దగ్గరికి వచ్చి, అక్కణ్ణుంచి వాళ్లతో కలిసి బార్సిలోనా వచ్చాం. ఇల్లు వదిలినప్పటి నుంచీ ఆయన వాచీ మాత్రం మన టైము మీదే నడుస్తోంది. అక్కడి టైము ఫోన్లో చూసుకునేవారు, మనూరి టైము చేతికి చూసుకునేవారు. "ఇప్పుడు మనకెంతయిందండీ, దింపు వాళ్లు వచ్చుంటారా?" అని అడిగాను. మామూలుగా అయితే నా మాట పూర్తికాకుండానే మణికట్టు తిప్పుతారు. ఆ పూట తిప్పలేదు. వేళ్లు ముడుస్తూ ఐదుకి మూడున్నర కలుపుతున్నారు. లేచి లైటు వేశాను.

"మెట్రోలో జారిపోయినట్టుందే" అన్నారు.

ఆ వాచీ సంగతి కాస్త చెప్పాలి. ఆయన 1985లో అరబ్బు ఇంట్లో డ్రైవరుగా కువైట్ వెళ్లారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం అక్కడ దిగితే, మిగతా మనవాళ్ల లాగే ఈయన కూడా ఒక చేతిసంచితో బస్సెక్కి, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయిలో దిగారు. అప్పుడు ఎయిర్ ఇండియా లక్షా డెబ్బై వేలకు పైగా జనాన్ని ఇంటికి చేర్చింది. మా రాజోలు, మలికిపురం చుట్టుపక్కల ఏ వీధిలో అడిగినా ఆ ప్రయాణం కథ చెప్పేవాళ్లు ఒకరైనా ఉంటారు. యుద్ధం అయ్యాక అదే బాబా మళ్లీ వీసా పంపారు. యజమానిని అక్కడ మనవాళ్లు బాబా అనే పిలుస్తారు. 1997లో ఆ ఇంటి పెద్దబ్బాయి పై చదువుకి అమెరికా వెళ్లే రోజున, చిన్నప్పటి నుంచి వాణ్ణి బడికి తీసుకెళ్లిన డ్రైవరు చేతికి బాబా ఈ వాచీ పెట్టారు. రోలెక్స్ డేట్‌జస్ట్. ఉక్కూ బంగారమూ కలిసిన గొలుసు. డబ్బా లేదు, కార్డు లేదు, బిల్లు లేదు. పెట్టినవాళ్లని బిల్లు ఏదండీ అని అడుగుతామా?

దాని వెల ఎంతుంటుందో ఆయనకీ చాలా ఏళ్లు తెలీదు. ఆ చేత్తోనే రొయ్యల చెరువు గట్టు మీద తిరిగారు, ఆ చేత్తోనే సఖినేటిపల్లి రేవులో పంటు మీద నిలబడి నరసాపురం దాటారు. మా అల్లుడు ఒకసారి నెట్‌లో చూసి, పాతదైనా నాలుగైదు లక్షలు పలుకుతుంది మావయ్యగారూ అంటే, "బాబా పెట్టింది బాబూ, పలికేదేంటి" అన్నారు. బయల్దేరేముందు దాన్ని బీరువాలో పెట్టి రమ్మని నేను చెప్పానని ఇక్కడ రాసుకుంటున్నాను. ఆయన చదువుతారని తెలిసే.

జారిపోయిందంటే దొరికిన వస్తువులు ఉంచే ఆఫీసుకి వెళ్దామన్నాడు అల్లుడు. ఇన్సూరెన్సుకి 24 గంటల్లోపు పోలీసు కాగితం ఉండాలి, ముందు అదే చూద్దాం అంది అమ్మాయి. వెళ్లాం. బార్సిలోనాలో ఇలాంటివి చూసేది ఆ ఊరున్న కాటలోనియా ప్రాంతం వాళ్ల సొంత పోలీసు, మోసోస్ ద ఎస్క్వాడ్రా. స్టేషన్ అంటే నాకు టెన్షన్. పెళ్లయి నలభై రెండేళ్లలో రాజోలు స్టేషన్ గుమ్మం కూడా తొక్కలేదు. తీరా చూస్తే అది బ్యాంకులా ఉంది. వరసగా కుర్చీలు, వాటిలో నాలుగైదు దేశాల ముసలివాళ్లు, ఏ దేశం వాళ్లైనా మొహాలు మాత్రం ఒకేలా ఉన్నాయి. గంటంపావు కూర్చున్నాక పిలిచారు. ఇంగ్లీషు తెలిసిన కుర్రాఫీసరు. ఆయన అడిగింది అమ్మాయి తెలుగులో చెప్పడం, ఈయన చెప్పింది ఇంగ్లీషులో పెట్టడం.

ఏ లైను? ఏ స్టేషను? రద్దీ ఉందా? ఆఖరిసారి వాచీ ఎప్పుడు చూసుకున్నారు? ఈయన తడబడుతున్నారు. ఇంతలో అల్లుడు ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. ఖరీదైన షాపులుండే పస్సెజ్ ద గ్రాసియా వీధిలో మేమిద్దరం నిలబడి తీయించుకున్నది, సాయంత్రం 5:40కి. ఈయన చేతికి వాచీ తళతళలాడుతోంది. ఆ తర్వాత మేం మెట్రో ఎక్కనే లేదు. హోటలుకి నడిచే వెళ్లాం.

ఆఫీసరు ఫొటో చూశాడు, ఈయన్ని చూశాడు, కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి మా అమ్మాయితో నెమ్మదిగా ఏదో అన్నాడు. అమ్మాయి ఒక్క క్షణం ఆగింది.

"నాన్నా, ఎవరైనా ఆడమనిషి నీ దగ్గరికి వచ్చిందా అని అడుగుతున్నారు."

ఈయన నావైపు చూశారు. "మీ అమ్మని కాసేపు బయట కూర్చోమను" అన్నారు. నేను కదల్లేదు.

మేం పైకి గదికి వెళ్లినప్పుడు ఆయన హోటలు ముందు బెంచీ మీద కూర్చున్నారట. మోకాలి నొప్పి, కాసేపు ఆగి వస్తానన్నారు. నలభై ఏళ్ల లోపు ఆవిడ, శుభ్రంగా తయారై ఉంది, మందుల షాపు ఎక్కడని అడిగింది. వీధి మలుపులో ఆకుపచ్చ ప్లస్సు గుర్తు కనిపిస్తుంటే ఈయన చెయ్యెత్తి చూపించారు. చూపించింది ఆ చెయ్యే. ఆవిడ థాంక్స్ చెప్పి పక్కన కూర్చుంది, రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుంది, మెడ చుట్టూ చెయ్యి వేసి కౌగిలించుకుంది, బుగ్గ మీద ముద్దు పెట్టింది, లేచి వెళ్లిపోయింది. "వాళ్ల దేశం పద్ధతి అనుకున్నానే. పెద్దవాళ్లంటే గౌరవం కాబోలు అనుకున్నాను." మోకాలి మీద చెయ్యి వేసి లేవబోతుంటే తేలిగ్గా అనిపించిందట. ఆవిడ అప్పటికే మలుపు తిరిగి ఒక కారెక్కుతోంది.

"మరి అరవలేదేం?" అన్నాను నేను. స్టేషన్ అని మర్చిపోయి గట్టిగానే.

"ఏమని అరవను? ఒకమ్మాయి నన్ను కౌగిలించుకుందనా?"

ఆఫీసరుకి తెలుగు రాకపోయినా ఆ ప్రశ్నా జవాబూ అర్థమయ్యాయనే అనుకుంటున్నాను. కంప్యూటరు వైపు తిరిగి టైపు చేశాడు. ఈ పద్ధతికి స్పెయిన్‌లో పేరే ఉందట, అబ్రాసో, అంటే కౌగిలి. ఈ దొంగతనం వయసు మీరిన మగవాళ్ల మీదే ఎక్కువ చేస్తారట. స్పెయిన్ సముద్ర తీరంలో ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన ఇంగ్లండ్, జర్మనీ పెన్షనర్లు వీళ్లకి రోజువారీ బేరం. ముందు ఒకరు హోటళ్ల ముందూ, బయట కుర్చీలేసిన కాఫీ హోటళ్ల దగ్గరా జనం చేతులు చూసుకుంటూ తిరుగుతారు. వాచీ ఏదో తేలాక ఇంకొకరు వస్తారు, మూడోవాళ్లు కారులో ఉంటారు. కుర్రాళ్ల దగ్గరైతే ఫుట్‌బాల్ ఆడుతున్నట్టు కాలికి కాలు మెలేసి సరదా చేస్తూ లాగుతారు. ముసలాయనైతే దారడిగి దండం పెడతారు. ఎదుటి మనిషి మర్యాదే వాళ్లకి పనిముట్టు. ఈయన వాచీకున్నది జూబ్లీ అనే రకం గొలుసు, ఆ కాలపు కొక్కెం మడత రేకుది. పాతికేళ్లకి గొలుసు సాగిపోయి చేతి మీద గాజులా ఆడుతుండేది. గోరు పెట్టి ఒక్క గుంజు గుంజితే చాలు.

తర్వాత వచ్చిన ప్రశ్న చిన్నదే గానీ దాని మీదే కథంతా తిరిగింది. లాక్కున్నారా, తెలియకుండా తీశారా? బలవంతం చేసి లాక్కుంటే స్పానిష్‌లో రోబో. బలవంతం లేకుండా తీస్తే ఉర్తో. మనకి రోబో అంటే మరమనిషి కాబట్టి నాకు ఈ జన్మలో మర్చిపోయే మాట కాదు. ఉర్తోలో కూడా వస్తువు 400 యూరోలు దాటితే పెద్ద నేరం కిందే రాస్తారు. అయితే ఇన్సూరెన్సు వాళ్లు చాలామంది రోబోకి ఇస్తారు, ఉర్తోకి ఇవ్వరు.

ఈ తేడా తెలిసిన అల్లుడి స్నేహితుడొకడు ఫోన్లో సలహా ఇచ్చాడు, చెయ్యి మెలిపెట్టి లాగారని చెప్పించండి, ఎవరు చూశారు కనక అని. అమ్మాయి అదే మాట మెల్లగా వాళ్ల నాన్న చెవిన వేసింది. తెల్లవారుజాము నుంచి మా అందరికీ మెట్రో కథ చెప్పిన మనిషి ఠక్కున తల అడ్డంగా ఊపారు. "లాగలేదమ్మా. లాగితే నాకు తెలిసేది. పోలీసు ముందు అబద్ధం సంతకం పెట్టను." కాగితం మీద ఉర్తో అనే పడింది. జరగని నేరం జరిగిందని ఫిర్యాదిస్తే అక్కడ అదీ నేరమేనని తర్వాత తెలిసింది. ఈయన అది తెలిసి అన్న మాట కాదు.

ఆఖరున ఆఫీసరు అడిగింది, వాచీ సీరియల్ నంబరు.

లేదన్నాం. బహుమతి, కాగితాల్లేవు. నంబరు లేకుండా రోలెక్స్ డేట్‌జస్ట్ పోయిందంటే కాకినాడలో తెల్ల స్కూటర్ పోయిందన్నట్టే. దొంగ దొరికి వాచీలు ముప్పై బయటపడ్డా ఇది ఫలానావాళ్లదని చెప్పేది ఆ నంబరు ఒక్కటే. ఫిర్యాదు తీసుకుంటాం, నంబరు దొరికితే వచ్చి ఇదే కాగితానికి కలిపించుకోవచ్చు అన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడితే నాకు పాలకొల్లు గుర్తొచ్చింది.

2019లో ఆ వాచీ అద్దం లోపల ఆవిరి పడితే, హైదరాబాదు దాకా ఎందుకులెమ్మని చించినాడ వంతెన దాటి పాలకొల్లు తీసుకెళ్లాం. అక్కడ వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఒక మనిషి పట్టేంత షాపు, ముందు గాజు పెట్టె, వెనక గోడకి ఒకదానికొకటి పొంతన లేకుండా టైము చూపించే గడియారాలు. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, సన్నటి పనిముట్టుతో పిన్ను నొక్కి గొలుసు ఊడదీశారు. గొలుసు ఉన్నంతసేపూ కనపడని చోటు అది, డయలు మీద ఆరు అంకె వైపు, గొలుసు తగిలించే రెండు కొమ్ముల మధ్య. మురికి పేరుకుని ఉంది. బ్రష్షుతో తుడిచి, వాచీ దీపం కింద వాల్చి, ఒక్కో అక్షరం పైకి చదువుతూ చిట్టా పుస్తకంలో రాసుకున్నారు. తర్వాత తిప్పి పన్నెండు వైపు కొమ్ముల మధ్య చూసి ఇంకో అంకె రాశారు. పక్కన ఈయన చేత సంతకం పెట్టించారు. ఇదంతా ఎందుకండీ అంటే, "రేపు మీరొచ్చి నా వాచీ మార్చేశావంటే నేనేం చెప్పుకోనండీ?" అన్నారు. అప్పుడు నాకు కాస్త కోపం వచ్చింది కూడా.

తమ్ముడికి ఫోన్ చేశాను. మన దగ్గర మధ్యాహ్నం రెండున్నర. "బావగారి వాచీయా! పోయిందా! ఎలా పోయింది?" "అది తర్వాత, నువ్వు ముందు బండి తియ్యి." వాడు దిండి మీదుగా వంతెనెక్కి పాలకొల్లు వెళ్లేసరికి షాపు భోజనానికి మూసి ఉందట. నాలుగున్నరకి తీశారు. ఐదు గంటలకల్లా వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. గీతల పుస్తకం, నీలం సిరా, గుండ్రటి పాతకాలం దస్తూరీ. "రాజోలు తాలూకా, కువైట్ వారు. రోలెక్స్. అద్దం లోపల చెమ్మ." కింద యు అక్షరం, దాని పక్కన ఆరంకెలు. ఇంకో వరసలో 16233. పక్కన ఈయన సంతకం.

మేం అదే సాయంత్రం మళ్లీ స్టేషన్‌కి వెళ్లాం. ఆ కుర్రాఫీసరే ఉన్నాడు. తెలుగు చిట్టా ఫొటో చూసి నవ్వలేదు సరికదా, దాన్ని ప్రింటు తీసి ఫైలులో పెట్టాడు. 16233 మోడల్ నంబరు, యుతో మొదలయ్యేది వాచీ సొంత నంబరు. అక్షరం బట్టి 1997 ప్రాంతంలో చేసిందని తేలింది. అంటే బాబా కొత్త వాచీయే కొని పెట్టారన్నమాట. ఇన్నేళ్లూ తను వాడి పక్కన పెట్టిందే ఇచ్చి ఉంటారని మా ఇంట్లో ఒక వెటకారం ఉండేది. ఆ మాట అన్నది నేనే. ఈయన ఏమీ అనలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇన్సూరెన్సు సంగతి తొందరగా చెప్పేస్తాను, చెప్పుకోడానికి పెద్దగా లేదు. ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో తీసుకున్న పాలసీ. స్పానిష్ రిపోర్టు ఇంగ్లీషులోకి మార్పించి, పాస్‌పోర్టు పేజీలు, బోర్డింగ్ పాసులు, క్లెయిము ఫారం పంపాం. కొన్న బిల్లు అడిగారు, లేదన్నాం. విలువ కట్టించిన సర్టిఫికెట్ అడిగారు, అదీ లేదు. ఐదు వారాలకి జవాబు వచ్చింది, పాలసీలో వాచీలు, నగలు, నగదు వర్తించవని. అది మొదటి రోజే చెప్పొచ్చుగా! పాలసీ కాగితంలో ముందు నుంచీ ఉందట, చీమ తలకాయంత అక్షరాల్లో. అల్లుడి జర్మనీ ఇంటి ఇన్సూరెన్సు వాళ్లనీ అడిగి చూశాం. బలవంతం ఉందా అని ఒక్క ప్రశ్న వేసి ఫోన్ పెట్టేశారు. చేతికి పెట్టుకు తిరిగే ఖరీదైన వస్తువుకి ఇంటి పాలసీలో విడిగా, దేశం బయట కూడా చెల్లేలా రాయించుకోవాలట. మాకప్పుడు తెలీదు.

నంబరు మాత్రం వృథా పోలేదు. లండన్‌లో ది వాచ్ రిజిస్టర్ అని ఒకటుంది, పోయిన వాచీల నంబర్లు దాచే చోటు. పాత వాచీలు కొనే వ్యాపారులు, వేలంపాటల వాళ్లు కొనేముందు అక్కడ నంబరు సరిచూసుకుంటారు. అమ్మాయి అక్కడ రాయించింది. కంపెనీకి కూడా రిపోర్టు జత చేసి ఉత్తరం పంపింది, ఎప్పుడైనా ఎవరైనా సర్వీసుకి తెస్తే పట్టుకుంటారని. దొంగలు నంబరు అరగదీసేస్తారని కొందరన్నారు. అరగదీస్తే కొనేవాడికే అనుమానం, ధర సగానికి పడిపోతుందని ఇంకొందరన్నారు.

దొరికితే ఇంటికి తేవడంలోనూ ఒక చిక్కుంది. విదేశం నుంచి వచ్చేవాళ్లకి అప్పటి లెక్కన 50 వేల రూపాయల సామాను దాకా సుంకం లేదు, ఆపైన వందకి 38.5. మనదే వాచీ, మనమే తీసుకెళ్లాం అని రుజువేది? బయల్దేరేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లకి చూపించి, ఇది ఇక్కణ్ణుంచి వెళ్తున్న వస్తువని ఎక్స్‌పోర్టు సర్టిఫికెట్ రాయించుకోవాలి. శంషాబాద్‌లో మాకు దాని ఊసే లేదు. ఈయన చెయ్యి ఊపుకుంటూ వెళ్లిపోయారు.

ఊరికొచ్చాక ఇంకో ఘట్టం. వాచీ ఏదండీ అని అడిగిన ప్రతివాళ్లకీ "సర్వీసుకిచ్చాను" అని చెప్పడం మొదలెట్టారు. నేను ఖండించలేదు, సమర్థించనూ లేదు. ఒకరోజు మా వీధిలో ఒకాయన, ఆయనా గల్ఫ్ నుంచి వచ్చినాయనే, అరుగు మీద కూర్చుని ఆ మాట విని ఊరుకున్నారు. ఈయన లోపలికెళ్లాక నన్ను పిలిచి, "అక్కయ్యగారూ, సర్వీసుకేనాండీ?" అన్నారు. నేను జవాబు చెప్పకుండా నవ్వాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, తన నాలుగు కాసుల గొలుసు థాయిలాండ్‌లో, పట్టాయాలో రోడ్డు మీద ఇలాగే కౌగిలించుకుని కొట్టేశారని చెప్పారు. ఇంట్లో మాత్రం స్నానానికి దిగితే సముద్రంలో పోయిందని చెప్పారట. వాళ్లావిడ అక్కడి సముద్రానికి వాటా ఇచ్చొచ్చామని ఇప్పటికీ అంటుందట. ఆయ్, అన్నాను నేను, ఇంకేమంటాను.

ఆగస్టులో మా ఆయన బీరువా అడుగునుంచి మా పెళ్లినాటి హెచ్ఎంటీ తీశారు. కీ ఇచ్చేది, మా నాన్నగారు పెట్టింది, ఆడి ఎన్నేళ్లయిందో. ఇద్దరం పాలకొల్లు వెళ్లాం. షాపు ముందు స్టూళ్ల మీద ఇద్దరు కుర్రాళ్లు, ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. వాచీలాయన హెచ్ఎంటీ వెనక మూత తీసి ఊది చూసి, శుభ్రం చేస్తే చాలన్నారు. చిట్టా పుస్తకం దగ్గరికి లాక్కుని మూత మీద నంబరు రాసుకోబోతూ ఆగారు.

"మీ తమ్ముడుగారు ఆ రోజు పరిగెత్తుకొచ్చారండీ. రోలెక్స్ పోయిందన్నారు. ఎలా పోయిందండీ?"

స్టూళ్ల మీది ముగ్గురూ ఇటు తిరిగారు. మెట్రో అంటారో, సర్వీసంటారో అని నేను ఆయన మొహం చూస్తున్నాను.

"ఒకావిడ కౌగిలించుకుందండీ" అన్నారు మా ఆయన.

వాచీలాయన కంటి మీది భూతద్దం జారి గాజు పెట్టె మీద పడింది. కుర్రాళ్లు నవ్వు ఆపుకోలేక చస్తున్నారు. స్టూలు మీది పెద్దాయన మాత్రం ముందుకి వంగి, "ఆహా, ఆ తర్వాతండీ?" అన్నారు.